అద్దె ఫ్లాట్‌లో కరెంటు, నీళ్లు, చెత్త: ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి?

నిజాంపేట_ఫ్లాట్ (ప్రశ్న)

హైదరాబాద్‌లో రెండు పడగ్గదుల అద్దె ఫ్లాట్, నలుగురం. మామూలు నెలల్లో కరెంటు 235 యూనిట్ల చుట్టూ, ఎండాకాలంలో 400 దాటుతుంది. మూడు సీలింగ్ ఫ్యాన్లు, 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ ఒకటి, 15 లీటర్ల గీజర్, వంటింట్లో ఆర్వో. నీళ్లు కొంత మంజీరా కుళాయివి, కొంత బోరువి, ఏప్రిల్ వస్తే ట్యాంకరు. చిన్న బాల్కనీ ఉంది. ఇల్లు మాది కాదు కాబట్టి సోలారు, గోడలు కొట్టే పనులు వద్దు.

నెట్‌లో "పర్యావరణానికి వంద చిట్కాలు" చదివి విసుగొచ్చింది. వెదురు బ్రష్షుకీ ఏసీకీ ఒకే బరువు ఇచ్చి రాస్తారు. ఏది ఎంత తేడా తెస్తుంది, దేనికి డబ్బు పెట్టాలి, ఏది వదిలేయొచ్చు? మా ఆఫీసులో పద్నాలుగు మందిమి, అక్కడా ఏదైనా మొదలుపెట్టమని నాకే అప్పగించారు.

మీటర్_లెక్క

ముందు తూకం చూద్దాం. మన గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు. 14.2 కిలోల గ్యాస్ బండ ఖాళీ అయ్యేసరికి 42 కిలోలు. మీ 235 యూనిట్లంటే నెలకు 165 కిలోలు. నెలకో బండ వాడినా వంటగ్యాసు అందులో నాలుగో వంతే. కాబట్టి కరెంటుతో మొదలుపెట్టండి. బ్రష్షు ఈ తూకంలో ముల్లు కూడా కదపదు.

కరెంటులో మొదటిది ఫ్యాన్లు. పాత రకం 1200 మి.మీ. ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాను 30 దగ్గర ఆగుతుంది. హాల్లో రోజుకు 12 గంటలు, పడగ్గదుల్లో తొమ్మిదేసి గంటలు అనుకుంటే మూడింటి మీద నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి.

ఆ 40 యూనిట్లు మీకు మామూలు 40 కావు. తెలంగాణలో నెలకు 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. 201 అయిన మరుక్షణం మొదటి 200కూ 5.10 వేస్తారు, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. 235 యూనిట్లకు కరెంటు చార్జీ 1,289 రూపాయలు వస్తే, 195కి 796. దాదాపు 490 తేడా (ఫిక్స్‌డ్ చార్జీ వగైరా వేరే). ఫ్యాను ఒక్కోటి మూడు వేలనుకుంటే ఏడాదిన్నర నుంచి రెండేళ్లలో డబ్బులు వెనక్కొస్తాయి. ఇల్లు మారేటప్పుడు విప్పి పట్టుకెళ్లొచ్చు, ఓనరు పాత ఫ్యాన్లు అటక మీద భద్రంగా పెట్టండి. గృహజ్యోతి కింద 200 లోపు ఉచితం వర్తించే ఇల్లయితే ఈ మెట్టు ఇంకా పెద్దది.

రెండు జాగ్రత్తలు. ఫ్యాను ఎప్పుడూ రెండో నంబరు మీదే తిప్పేవాళ్లకు ఇంత మిగలదు, ఎందుకంటే ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్ తగ్గించినప్పుడు పాత ఫ్యానూ తక్కువే లాగుతుంది. రెండోది, బీఎల్‌డీసీ బిగించేటప్పుడు స్విచ్‌బోర్డులో రెగ్యులేటర్‌ను తప్పించి వైరు నేరుగా కలపమనండి. అది మధ్యలో ఉంటే ఫ్యాను గుయ్‌మంటుంది, రిమోట్ చెప్పిన మాట వినదు, కొన్నాళ్లకు లోపలి బోర్డు పోతుంది.

డబ్బు అక్కర్లేనివి: గీజర్ థర్మోస్టాట్ 50 డిగ్రీలకు తగ్గించండి. 2 కిలోవాట్ల గీజర్లో 15 లీటర్లు 25 నుంచి 50 డిగ్రీలకు రావడానికి 13 నిమిషాలు చాలు, తెల్లవారుజామున వేసి ఎనిమిదింటి దాకా వదిలేయడం దండగ. సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపినా 10 వాట్ల దాకా లాగుతూనే ఉంటుంది, నెలకు 7 యూనిట్లు. గోడ దగ్గర స్విచ్చి కట్టేయండి. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారితే రబ్బరు బీడింగ్ వదులైనట్టే. ఎల్ఈడీలు ఇప్పటికే ఉంటాయి కాబట్టి లైట్ల గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

సాగరతీరం

ఆ 200 మెట్టు తెలంగాణ లెక్క. ఆంధ్రాలో 2022 నుంచి అందరికీ ఒకటే టెలిస్కోపిక్ వరస: 225 దాటిన యూనిట్లకే 8.75, 400 దాటినవాటికే 9.75. కింది యూనిట్ల రేటు మారదు. ఇది చదివే విశాఖ, విజయవాడ వాళ్లు పొరబడకుండా చెబుతున్నా.

ఏసీ గురించి పైన ఏమీ రాలేదు, అసలు దొంగ అదే. సెట్టింగు ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న ఏసీలన్నీ 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. 27లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఒంటికి 24 లాగే ఉంటుంది. ఎండాకాలంలో రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి. బయటి యూనిట్ వెనక రేకుల్లో దుమ్ము పేరుకుంటే వేడి బయటకు పోదు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది.

దీనికన్నా పెద్ద నష్టం ఒకటుంది, కరెంటు మీటర్లో కనపడదు. ఏసీలో ఉండే గ్యాసు. ఆర్32 అయితే కార్బన్ డయాక్సైడ్‌కి 675 రెట్లు, పాత ఆర్22 అయితే 1,800 రెట్లు వేడెక్కిస్తుంది. ఒక ఇంటి ఏసీలో 800 గ్రాముల ఆర్32 గాల్లోకి వదిలేస్తే 540 కిలోలతో సమానం, అంటే 770 యూనిట్ల కరెంటు. మీరు ఏడాదంతా మూడు ఫ్యాన్ల మీద మిగిల్చేది 480 యూనిట్లు.

అద్దెకుండేవాళ్లు ఏసీ విప్పించేటప్పుడు జరిగేది ఇదే. తొందరలో ఉన్న మెకానిక్ నట్టు వదులు చేసి "బుస్సు"మనిపించి వదిలేస్తాడు, కొత్త ఇంట్లో మళ్లీ గ్యాసు నింపడానికి డబ్బులు అడుగుతాడు. సరైన పద్ధతి పంప్ డౌన్. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగా గేజి తగిలించి, ముందు సన్న పైపు వాల్వు మూస్తారు. గ్యాసంతా బయటి యూనిట్లోకి చేరి గేజి ముల్లు సున్నా దగ్గరకు దిగగానే లావు పైపు వాల్వు మూసి వెంటనే ఏసీ ఆపేస్తారు. నిమిషాల పని. ముల్లు దిగాక కూడా నడుపుతూ పోతే గాలి లోపలికి లాగి కంప్రెసర్ పేలే ప్రమాదం ఉంది, కాబట్టి ఇది మీరు చేసే పని కాదు, పక్కన నిలబడి చేయించుకునే పని. బేరం కుదిరేటప్పుడే "పంప్ డౌన్ చేసి విప్పాలి, బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పెట్టాలి (పైపుల్లో గాలి లాగేయాలి)" అని చెప్పండి.

ఏటా "గ్యాసు తగ్గింది, టాప్ అప్" అంటే ఒప్పుకోవద్దు. అది సీలు వేసిన వ్యవస్థ, వాడితే అరిగేది కాదు. తగ్గిందంటే కారుతోంది. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బు నురగతో జాయింట్లు చూసి, లీకు మూశాకే నింపాలి. సముద్రం పక్కన ఉప్పుగాలి కాయిల్‌నే తినేస్తుంది, మా వైపు ఇది మరీ ఎక్కువ.

బాల్కనీ_ఎరువు

చెత్త సంగతి. నలుగురింట్లో రోజుకు కిలో వరకు తడి చెత్త వస్తుంది. దాన్ని డంపింగ్ యార్డుకు పంపితే గాలి ఆడని గుట్టలో మీథేన్ అవుతుంది. ఇంట్లో కుళ్లబెట్టడం కష్టం కాదు, కాకపోతే నాలుగైదు కొలతలు తప్పకూడదు.

20 లీటర్ల పెయింటు బకెట్లు మూతలతో నాలుగు తీసుకోండి, రంగుల షాపుల్లో పాతవి దొరుకుతాయి. పక్కల చుట్టూ మూడు వరసలు, అడుగున ఎనిమిది పది చొప్పున 6 మి.మీ. డ్రిల్లుతో రంధ్రాలు. రెండు ఇటుకల మీద బకెట్, కింద పళ్లెం. అడుగున అరచేతి మందం ఎండుటాకులు లేదా కొబ్బరి పీచు. ఒక బకెట్ రెండు వారాల్లో నిండుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిది ఆరు వారాలు ఆగి ఉంటుంది. ఆ లెక్క కోసమే నాలుగు. రెండింటితో మొదలుపెట్టినవాళ్లు సగం కుళ్లినదాన్ని ఖాళీ చేయాల్సి వచ్చి మానేస్తారు.

రోజూ చేసేది ఇంతే. కూరగాయల తొక్కలు అంగుళం ముక్కలు చేసి వేయడం, పైన దాదాపు అంతే పరిమాణంలో కొబ్బరి పొట్టు లేదా నలిపిన ఎండుటాకులు కప్పడం. తొక్కల్లో నత్రజని ఎక్కువ, పొట్టులో కార్బన్ ఎక్కువ. సూక్ష్మజీవులకు రెండూ కావాలి. ఐదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మె నానితే 60 లీటర్ల పైనే అవుతుంది, నెల దాటి వస్తుంది. ఇక్కడో మెలిక: తడిపొట్టు కప్పితే ఉపయోగం లేదు. దిమ్మెను నానబెట్టి పొడిపొడిగా ఆరబెట్టాకే వాడాలి. మొదటి బకెట్‌కు తోడుగా గుప్పెడు పాత ఎరువో ఎండిన పేడో కావాలి, తర్వాత అవసరం లేదు. నాలుగు రోజులకోసారి కర్రతో అడుగు దాకా కలపండి.

వేయకూడనివి: మాంసం, చేపల వ్యర్థాలు, పాలు, నూనె తేలే కూరలు. అన్నం గుప్పెడు పర్వాలేదు, గిన్నెడు వేస్తే ముద్ద కట్టి పులుస్తుంది. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దిగా. టీ పొడి కడిగి వేయండి, పంచదార ఉంటే చీమలు. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఏడాదైనా అలాగే ఉంటాయి. గుడ్డు పెంకులు పొడి చేస్తేనే కలుస్తాయి.

ఇంత చిన్న బకెట్‌లో పెద్ద కుప్పలో లాగా 55, 60 డిగ్రీల వేడి పుట్టదు. అందుకే టమాటా, మిరప గింజలు చావవు, కుండీల్లో మొలకెత్తుతాయి. పీకేయండి లేదా ఉంచుకోండి.

నీటి_లెక్క

ఆర్వో మొదట చూడండి. మామూలు ఇంటి మెషిన్ లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు పారబోస్తుంది. తాగడానికి, వంటకు రోజుకు పది లీటర్లు పట్టే ఇంట్లో 30 లీటర్లు మోరీలోకి. నెలకు 900.

మూడు నాలుగు వందల్లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) మీటరు దొరుకుతుంది. మంజీరా కుళాయి నీళ్లు 500 లోపు చూపిస్తే, ఆ కుళాయి వంటింట్లో విడిగా ఉంటే, ఆర్వో అక్కర్లేదు. యూవీ (అతినీలలోహిత కాంతి), యూఎఫ్ (సన్నటి వడపోత పొర) ఉన్న ఫిల్టర్ చాలు, అది నీళ్లు పారబోయదు. తాగునీటి ప్రమాణంలో టీడీఎస్‌కి కోరదగ్గ పరిమితి 500, వేరే గతి లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా. కానీ బోరునీళ్లు తాగేవాళ్లు తొందరపడొద్దు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌నీ నైట్రేట్‌నీ క్రిములనీ చూపించదు. ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆర్వో ఉంచాల్సిందే. నల్లగొండ వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

వదిలే నీళ్లను తెల్ల పైపుతో డబ్బాలోకి పట్టండి. గదులు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి, గిన్నెలు తొలిచేటప్పుడు మొదటి నీళ్లకు పనికొస్తాయి. ఆ పైపును బిగించో నలిపో నీళ్లు తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఉప్పులు కడుక్కుపోక మెంబ్రేన్ మీద పేరుకుని తొందరగా పాడవుతుంది, దాని ఖరీదు మీరు మిగిల్చిన నీళ్లకన్నా ఎక్కువ.

తర్వాత కుళాయిలు. చేతులు కడిగే బేసిన్ నుంచి నిమిషానికి పది లీటర్లు పైనే పోతాయి, నిమిషానికి 3 లీటర్లే వదిలే ఏరేటర్ (కుళాయి మూతికి బిగించే జల్లెడ) పెడితే పని అంతే జరుగుతుంది. కుళాయి మూతికి లోపల మర ఉంటే 24 మి.మీ., బయట మర ఉంటే 22 మి.మీ. కొనాలి. మూతి ఫొటో తీసుకెళ్లండి. బకెట్ నింపే కుళాయికి పెట్టకండి, నిండేది అదే బకెట్, నిలబడే సమయమే పెరుగుతుంది. బోరునీళ్ల వల్ల జల్లెడలో తెల్ల పొర పట్టి ధార సన్నబడితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానేసి బ్రష్షుతో తోమండి.

ఫ్లష్ ట్యాంకు కారుతోందేమో కూడా చూడండి. ట్యాంకులో చిటికెడు మిఠాయి రంగు కలిపి అరగంట వాడకుండా వదిలేయండి. కింద నీళ్లలో రంగు దిగితే అడుగు వాషర్ పోయినట్టు. కంటికి కనపడని ఈ కారుడే చాలా ఫ్లాట్లలో ట్యాంకర్ ఖర్చులో భాగం.

నిజాంపేట_ఫ్లాట్

చాలా థాంక్సండీ. ఒక ఫ్యాను మార్పించాను, గుయ్‌మంటోంది. రెగ్యులేటర్ ఫుల్‌లో పెట్టి వదిలేస్తే చాలు అన్నాడు ఎలక్ట్రీషియన్. ఇక కంపోస్టు బకెట్: కుళ్లిన గుడ్ల వాసన, పళ్లెంలో నల్లటి నీళ్లు, లోపల తెల్లటి పురుగులు. ఇంట్లోవాళ్లు బయట పారేయమంటున్నారు. ఆర్వో నీళ్లు కుండీలకు పోయొచ్చా?

మీటర్_లెక్క

ఫుల్‌లో పెడితే కొంతకాలం నడుస్తుంది, కానీ పిల్లలు తిప్పితే మళ్లీ మొదటికి. పది నిమిషాల పని, బోర్డు విప్పి తప్పించమనండి. ఆ తర్వాత కూడా గుయ్‌మంటే రాడ్డు దగ్గర పిన్నులు, రెక్కల స్క్రూలు బిగుతు చూడాలి.

బాల్కనీ_ఎరువు

పారేయకండి, అది బాగయ్యే స్థితిలోనే ఉంది. కుళ్లిన గుడ్ల వాసన అంటే గాలి అందక, తడి ఎక్కువై జరిగేది. (ముక్కు మండించే ఘాటు వాసనైతే నత్రజని ఎక్కువైనట్టు, దానికి పొడి ఆకులు కలపడమే మందు.) మొత్తం ఒక పాత గోనెసంచి మీద కుమ్మరించి, దాని సగం పరిమాణంలో పొడి పొట్టు, చింపిన కోడిగుడ్ల అట్టట్రే ముక్కలు కలపండి. అట్ట ముక్కలు సందులు ఉంచుతాయి, ఒట్టి పొట్టు అణిగిపోతుంది. తర్వాత గుప్పెడు పిడికిట్లో గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరైన తడి. ధారగా కారితే ఇంకా పొట్టు, అసలు ముద్దే కాకపోతే నీళ్లు చల్లాలి. అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూసి మళ్లీ నింపండి. రెండు మూడు రోజుల్లో వాసన పోతుంది.

పురుగులు చదునుగా, గోధుమ రంగు వైపు తిరుగుతూ ఉంటే అవి బ్లాక్ సోల్జర్ ఈగ లార్వాలు. కుట్టవు, రోగాలు తేవు, చెత్త వేగంగా తినేస్తాయి. వద్దనుకుంటే తడి తగ్గించి, పైన రెండంగుళాల పొడి పొర ఎప్పుడూ ఉంచండి, తల్లి ఈగ గుడ్లు పెట్టదు. చిన్న పండు ఈగలకు కూడా అదే మందు. తెల్ల బూజు కనపడితే కంగారు వద్దు, అది పని చేసే బూజే.

పళ్లెంలో నల్లటి నీళ్లు కంపు కొడుతుంటే మొక్కలకు పోయకండి, టాయిలెట్‌లో పోసేయండి. "లిక్విడ్ ఎరువు" అని వీడియోల్లో చెప్పేది వేరే సంగతి.

ఎరువు అయిందా లేదా: నల్లగా, పొడిగా, తొలకరి మట్టి వాసన రావాలి. గుప్పెడు తీసి ప్లాస్టిక్ కవర్లో కట్టి మూడు రోజులుంచండి. తెరిచినప్పుడు కంపు కొడితే ఇంకా పచ్చిదే, వేళ్లను కాలుస్తుంది. జల్లెడ పట్టి మిగిలిన ముక్కలు కొత్త బకెట్లో వేసేయండి. కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు పొట్టు. ఒట్టి ఎరువులో నాటితే మొక్క పసుపు రంగుకు తిరిగి చస్తుంది.

నీటి_లెక్క

కుండీల సంగతి లోపలికి వెళ్లే నీటిని బట్టి ఉంటుంది. 600 టీడీఎస్ లోపలికి పోతే బయటకొచ్చేది 780 దాకా ఉంటుంది, 900 అయితే 1,150 దాటుతుంది. నేలలో చెట్టుకు పర్వాలేదు, వాన కడిగేస్తుంది. కుండీలో ఉప్పు పోయే దారి లేదు. మట్టి మీద తెల్ల పొర, ఆకుల అంచులు మాడటం దాని గుర్తులు. ఏసీ నుంచి వచ్చే నీళ్లు కుండీలకు మేలు, వాటిలో ఉప్పులుండవు. తాగొద్దు.

కాంట్రాక్టు_ఇంజినీర్

ఆఫీసు సంగతి ఎవరూ ఎత్తలేదు. పోస్టర్లు అతికించడంతో మొదలుపెట్టకండి. సాయంత్రం అందరూ వెళ్లాక ఒకసారి తిరిగి చూడండి, ఏమేం వెలుగుతున్నాయో. పని లేకుండా ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్, మానిటర్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది. పది మిషన్లు రాత్రి 14 గంటలు అలా ఉంటే 7 యూనిట్లు, నెలకు 200 పైన. మీ ఇంట్లో నెలంతా వాడే కరెంటుకు కాస్త తక్కువ. పది నిమిషాలకు స్క్రీన్, అరగంటకు స్లీప్ అని అన్ని మిషన్లలో ఒకేసారి పెట్టించండి. మనుషుల గుర్తు మీద వదిలేస్తే జరగదు. ప్రింటర్లో రెండు వైపులా అన్నది డీఫాల్ట్ చేయండి, ఒకవైపు కావాలన్నవాళ్లే మార్చుకుంటారు.

పేపర్ కప్పులు: పద్నాలుగు మంది, రోజుకు రెండు టీలు, 25 రోజులు, 700 కప్పులు. లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి అటు కాగితంగానూ ఇటు ప్లాస్టిక్‌గానూ ఎవరూ తీసుకోరు. స్టీలు గ్లాసులు కొనేముందు వాటిని ఎవరు కడుగుతారో తేల్చండి. ఆఫీసు పనివాళ్ల మీద ఊరికే వేస్తే నెలలో మళ్లీ కప్పులే వస్తాయి. పేరు రాసిన గ్లాసు, ఎవరిది వాళ్లే కడుక్కోవడం అయితే నిలబడుతుంది.

అన్నిటికన్నా పెద్దది రాకపోకలు, అది ఎవరూ ఆఫీసు లెక్కలో వేయరు. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే 750 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారులో ఒంటరిగా వస్తే 50 లీటర్లు, 115 కిలోలు. 45 ఇచ్చే బైకు మీద 38. కారులో వచ్చేవాళ్లు నలుగురుంటే, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనో, ఇద్దరేసి కలిసి రావడమో కుదిర్చితే, కప్పులూ కాగితాలూ కలిపి మిగిల్చేదానికన్నా ఎక్కువ. మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుకు ఆఖరి రెండు కిలోమీటర్లే అడ్డమైతే, పొద్దున సాయంత్రం ఒక షేర్ ఆటో మాట్లాడి ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోమని అడగండి.

చెడిపోయిన కీబోర్డులు, యూపీఎస్ బ్యాటరీలు పాతసామాన్లవాళ్లకు తూకానికి వేయకండి. బ్యాటరీలో సీసం, ఆసిడ్ ఉంటాయి. కొత్తది కొనేచోటే పాతది తీసుకుని బిల్లులో తగ్గిస్తారు. మిగతావాటిని కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. పారేసేముందు హార్డ్ డిస్కులు విడిగా తీసి ఉంచుకోవడం మర్చిపోకండి.